పైకి చదివిన కామెంట్లు

"మీ ఇంటి గోడ మీద ఎవడో బూతు రాసి పోతే, రాసినవాడిదే బాధ్యత అని తుడవకుండా వదిలేస్తారా?"

లిఫ్టు మెకానిక్ తన ఫోన్ తెచ్చి ఎడిటర్ బల్ల మీద పెట్టాడు. వేళ్లకి గ్రీజు ఇంకా వదల్లేదు.

ఎడిటర్ ఆ ఫోన్ వంక చూడనైనా లేదు. కథల వెబ్‌సైటుకి ఓనరూ ఆయనే, ఎడిటరూ ఆయనే. ఫొటో స్టూడియో పైనున్న ఈ ఇరుకు గదే ఆఫీసు. ఇలాంటి ఫిర్యాదులకి ఆయన దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"పేజీ అడుగున రాసే ఉంది కదండీ, కామెంట్లకి రాసినవాళ్లే బాధ్యులని. పేరు చెప్పకుండా రాసేవాణ్ణి నేనెక్కడ పట్టుకునేది?"

"పట్టుకోమనలేదు, తుడవమన్నాను. వాడు మొహం దాచుకోడానికి ముసుగిచ్చింది మీరేగా."

"ఒకటి తీస్తే ఇంకో పది వస్తాయి. రోజంతా చీపురు పట్టుకుని కూర్చోమంటారా? అయినా కథలు రాసేది మీ ఆవిడ. ఆవిడ నాతో ఒక్క ముక్క అనలేదే."

"ఆవిడకి తెలీదు." మెకానిక్ గొంతు తగ్గింది. "చూపు పోయింది. టైపు అలవాటైన వేళ్లు కాబట్టి కథలు తనే కొట్టుకుంటుంది. కామెంట్లు మాత్రం నేను చదివి వినిపిస్తా. రేపెవరైనా వచ్చి ఈ తిట్ల సంగతి చెబితే ఇంక రాయదు సార్. రాయకపోతే ఆ మనిషి బతకదు."

"మరి మీరు ఇవన్నీ చదివి వినిపిస్తున్నారా?"

"రండి. వీధి చివరే ఇల్లు. మీరే విందురుగాని."

ఎడిటర్ చెప్పులేసుకుని వెంట నడిచాడు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడ, ఎడిటర్ వచ్చాడనగానే పైట సర్దుకుంది.

"ముందు చెప్పి తీసుకురావచ్చుగా. ఇల్లెలా ఉందో ఏమో."

"ఇల్లు ఇల్లులాగే ఉందిలే," అన్నాడు మెకానిక్.

"కొత్త కథకి ఏమన్నా వచ్చాయా?"

మెకానిక్ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తెరిచాడు. ఎడిటర్ పక్క నుంచి వంగి చూశాడు. తెర మీద మొదటి వాక్యం: 'అజ్ఞాత - ఇదీ ఒక కథేనా? రాసిన చేతులు విరగ్గొట్టాలి.'

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు.

"'అమ్మా, మీ కథ మొదలుపెట్టాక మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఒక్క కుదుపు లేకుండా పై అంతస్తు దాకా తీసుకెళ్లారు.'"

ఎడిటర్ ఉలిక్కిపడి మెకానిక్ మొహంలోకి చూశాడు. మెకానిక్ తెర మీంచి చూపు తిప్పలేదు. రెండోది ఇంకా ఘోరంగా ఉంది. 'ఈ ముసలిదానికి వేరే పనీపాటా లేదా?'

"'తల్లీకూతుళ్లు విడిపోయే చోట ఏడుపొచ్చింది. అంత బరువు మోసినా మీ కథ తీగ ఎక్కడా తెగలేదు.'"

ఎడిటర్‌కి నవ్వొచ్చింది. దగ్గినట్టు నటించి ఆపుకున్నాడు. మూడో కామెంటు మనిషన్నవాడు నోటితో పలకలేనిది. మెకానిక్ నుదుటి చెమట తుడుచుకుని, తడబడకుండా దాన్నీ చదివేశాడు. "'మీరు చల్లగా ఉండాలి. రాస్తూనే ఉండాలి.'"

"ఎవరో పాపం," అంది ఆవిడ. "ఆ కుదుపు ముక్క ఇంకోసారి చదవండి."

మెకానిక్ నీళ్లు నమిలాడు. "అదే... 'కుదుపు లేదు. అసలు ఏ అంతస్తులోనూ... కుదుపన్నదే లేదు.' ఉండండి, టీ పెట్టుకొస్తా." చటుక్కున లేచి వంటగదిలోకి వెళ్లిపోయాడు.

ఎడిటర్ తల వంచుకుని కూర్చున్నాడు. తన చీపురు పని ఈ మనిషి ఒక్కడే చేస్తున్నాడు, అదీ నోటితో.

స్టవ్ వెలిగిన చప్పుడు వినపడ్డాక ఆవిడ ముందుకి వంగింది.

"ఎడిటర్ గారూ, ఆయన్నేమీ అనకండి. అక్కడ నిజంగా ఏమేం రాసుందో నాకు తెలుసు."

"మీకా?"

"మెల్లగా మాట్లాడండి. నా ఫోనే పైకి చదివి పెడుతుంది. పక్కింటి పిల్ల నేర్పింది. ఆయన పనిలోకి వెళ్లగానే అన్నీ వింటాను. చేతులు విరగ్గొట్టాలన్నదీ విన్నాను, దాని కిందవీ విన్నాను."

ఎడిటర్ మొహం మాడిపోయింది.

"తప్పు నాదమ్మా. ఎప్పుడో చూడాల్సింది. ఇంక ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనరు. ఆఫీసుకి వెళ్లగానే ఆ కామెంట్ బాక్స్ మూసిపారేస్తాను."

ఆవిడ చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"తిట్లు తుడిచెయ్యండి, అది మీరు చెయ్యాల్సిన పనే. బాక్స్ మాత్రం మూయకండి బాబూ." వంటగదిలో కప్పులు చప్పుడవుతుంటే ఆవిడ మొహం కొత్త పెళ్లికూతురి మొహంలా ఎర్రబడింది. "పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోటి వెంట నా గురించి ఒక మంచి మాట విన్నది ఆ బాక్స్ పుణ్యమానే."