సాలు

సింహాచలం మావ కనకను మనుషుల్ని చంపడానికే పెంచాడు. చిన్నప్పుడు అరటిబోదెల మీద కత్తివేటు నేర్పేవాడు. ఆయన "సాలు గుంటా" అనేదాకా చెయ్యి ఆగకూడదు. మూడేళ్ల క్రితం ఆయనకు తలకొరివి పెట్టింది కూడా కనకే.

ఇప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి చీకట్లో ఇళ్లకు పోయే ఆడపిల్లలకు ఆమే కాపలా. వాళ్ల వెంటపడ్డవాణ్ణి ఒక రాత్రి వంశధార వంతెన మీద దొరకబుచ్చుకుని, గొంతు మీద కత్తి ఆనించింది.

"సాలు," అని తనకు తనే చెప్పుకుంది. చెయ్యి ఆగింది. వాడు పరుగు లంకించుకున్నాడు.

మొదటిసారి తనంతట తను ఆగినందుకు కనకకు ఏడుపొచ్చింది. ఇక దీంతో పనిలేదని కత్తిని ఏట్లోకి విసిరేసింది. కింద నిండుగా నీళ్లు. ఎంతసేపు విన్నా, పడిన చప్పుడు లేదు.

వంతెన కిందనుంచి ఎవరో తాపీగా అన్నారు.

"సాలని నానింకా సెప్పనేదు గుంటా."