ఎద్దులకు సెలవు

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, పేదల దావాలు ఉచితంగా నడిపే ఆఫీసొకటి కోసిగిలో తెరిచి, దానికో సలహా సంఘం పెట్టినారు. అందులో కూలోళ్ల తరఫున ఈరక్క పేరు రాసుకున్నారు. ఆమె ఒక్క మీటింగుకూ రాలేదు. ఈ సోమవారం వచ్చింది.

"మూడు నెలలైంది. ఒక్క కూలోడన్నా ఈ గడప తొక్కినాడా? బుద్ధిలేని జనమప్పా!" అన్నాడు అధ్యక్షుడు నరసన్న.

ఆఫీసు వకీలు తలూపాడు. "అందరికీ తీరికని ఆఫీసూ, మీటింగూ సోమవారమే పెడతాండాము గదా!"

ఈరక్క దిగ్గున లేచింది. "ఎవురికప్పా తీరిక? సోమవారం బసవన్న దినమని ఎద్దు మెడమీద కాడి పెట్టరు. ఎద్దులకు సెలవు, ఎద్దులున్నోళ్లకు సెలవు. మేము ఆ పొద్దుగూడా చేన్లో కలుపు తీస్తాండాము. ఎద్దుమీదుండే కనికరం మామీద లేకపాయనే మీకు!"



"మరి ఈ పొద్దు ఎట్లొచ్చినావమ్మా?" వకీలు మెల్లగా అడిగాడు.

"మీటింగుకు పోవల్లంటే, ఇంక చేన్లో అడుగు పెట్టొద్దన్యాడు మా ఆసామి. నేను సలహా చెప్పనీకి రాలేదు వకీలప్పా. ఫిర్యాదు రాసుకో."

వకీలు కలం తీశాడు. "ఆసామి పేరు?"

"అధ్యక్షుడి కుర్చీలో కూచోనుండాడు. నువ్వే అడుగు."