కాశీలో వదిలిన కాఫీ

కోసిన ఎలుక కడుపులో గడ్డ లేదు.

దాని పక్కదానికీ లేదు. నీళ్లలో కెఫీన్ కలిపి తాగించిన గుంపు అది. ఒట్టి నీళ్లు తాగినవాటి క్లోమంలో మాత్రం గడ్డలున్నాయి. క్యాన్సర్ పుట్టించే మందు రెండు గుంపులకీ సూదితో ఎక్కించింది నేనే.

"ఇవి కొన్నే కదమ్మా. మిగతావి కూడా చూశాక మాట్లాడదాం," అన్నారు మా రీసెర్చి గైడు.

నేను ఆగలేదు. గుంటూరులో మా ఊరెళ్లే పర్చూరు బస్సెక్కాను. మా నాన్నకు కూడా క్లోమంలోనే క్యాన్సర్. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు డాక్టర్లు.

రెండువేల మూడు, మార్చి. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఈ ఏడు మా కళ్లం ఖాళీ.

"నాన్నా, నువ్వు కాఫీ తాగాలి."

నాన్న మంచం మీంచే నవ్వాడు. "పిచ్చిమొద్దూ, కాఫీ కాశీలో వదిలేశాగా!"

కాశీ వెళితే గంగలో మునిగి ఇష్టమైనదొకటి వదిలెయ్యాలి. మా ఊళ్లో అందరూ కాకరకాయ వదిలేసి వచ్చారు. మా నాన్న ఒక్కడే నిజంగా కాఫీ వదిలాడు. నాకు చిన్నప్పుడు మెదడువాపు వచ్చి తగ్గిన ఏడాది అది. అంతకుముందు గ్లాసెడు కాఫీ పడందే గడప దాటేవాడు కాదు, మహానుభావుడు.

"నీ ప్రాణానికి మొక్కి వదిలింది తల్లీ. ఇప్పుడు తాగితే, నీకేమన్నా అయితే?"

"నాకేం కాదు. అయ్యేది నీకే!" అని అరిచాను.

"ఎలకల మాట విని గంగమ్మకిచ్చిన మాట తప్పమంటావా?"

ఒళ్లు మండిపోయింది. వారం వారం వచ్చి పోట్లాడాను. కాళ్లు పట్టుకున్నాను. ఇంటికొస్తే అన్నం ముట్టడం మానేశాను. ఆయన పచ్చబడ్డ కళ్లతో నన్ను చూసి, అటు తిరిగి పడుకునేవాడు.

"అవి ఎలకలు భవ్యా, మీ నాన్న కాదు," అంది ల్యాబ్‌లో నాతో పనిచేసే రుక్సానా. "వాటికి గడ్డ రాకముందే కెఫీన్ మొదలెట్టాం. ఆయనకి వచ్చేసింది కదే."

దానితోనూ మాటలు మానేశాను.

మిగిలిన ఎలుకల్ని ఇవాళ కోశాం.

కెఫీన్ తాగినదానికి గడ్డ. పక్కదానికీ గడ్డ. ఒట్టి నీళ్లవాటికీ వీటికీ తేడా ఏమీ లేదు.

రుక్సానా నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. "నువ్వు ఇంటికెళ్లవే," అంది.

గడపలో అడుగుపెట్టేసరికి కాఫీ వాసన వచ్చింది.

నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో స్టీలు గ్లాసు. అమ్మ కింద చెయ్యి ఆనించి పట్టుకుంది.

"పొద్దుట్నుంచీ ఇది రెండోది!" అంది అమ్మ. ఎన్నాళ్లకో అమ్మ మొహంలో నవ్వు చూశాను. "అమ్మాయి తిండి మానేసింది, పొయ్యి వెలిగించవే అన్నారు."

నాన్న మూతి తుడుచుకున్నాడు.

"గంగమ్మకి దణ్ణం పెట్టుకున్నాలే. బిడ్డ జోలికి రావద్దు, ఏదన్నా ఉంటే నాతోనే తేల్చుకోమని చెప్పా."

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఏమ్మా, నీ ఎలకలు బానే ఉన్నాయా?"

"బానే ఉన్నాయి నాన్నా."

"అయితే ఇంకో గ్లాసు కలుపు."

పొయ్యి వెలిగించాను.