ఒక్క తప్పు కోసం

“ఇది ఇంక లేవదు సార్. పాత సామాన్లోడికి ఇచ్చేయండి,” అన్నాడు ఫారూఖ్.

కర్నూలు పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే ఫారూఖ్ చేతిలో అరచేయంత క్యాలికులేటర్ ఉంది. సైన్లు, ట్యాన్‌లు కూడా లెక్కగట్టే రకం. అలాంటివి జేబులో పట్టేలా కొత్తగా వచ్చిన రోజుల నాటిది. బ్యాటరీ కారి లోపలంతా పచ్చగా చిలుం పట్టింది.

స్టూలు మీద కూర్చున్న ఓబుళేశు కదల్లేదు. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి.

“అట్లనొద్దప్పా. మా క్యాంపు మొత్తానికి ఇదొకటే ఉన్నింది. లాగ్ టేబుళ్ళ పుస్తకాలు పెట్టెలో పారేసి అందరూ దీని సుట్టే మూగుతాండిరి. దీంట్లో ఒక్క లెక్క మళ్ళా చేయాల నేను.”

“ఫోన్లో చేసుకోండి సార్, క్షణం పట్టదు.”

“ఫోన్లో శానాసార్లు చేసినా. నాకు దీని మాట కావాల.”

“ఏం లెక్క సార్ అది? రోడ్డుదా, కాలువదా?”

“ముందు వెలిగించప్పా, చెప్తా.” ఆ వెంటే గొణిగాడు. “ఒక్కసారి తప్పు చూపిస్తే చాలు.”

ఫారూఖ్‌కు నవ్వొచ్చింది. మిషన్ సరిగ్గా పనిచేయాలని పోట్లాడేవాళ్ళే గాని, తప్పు చెప్పాలని బతిమాలే గిరాకీ ఇంతవరకు తగల్లేదు. ఎప్పుడో లెక్క తప్పి పైఅధికారి చేత చీవాట్లు తిని ఉంటాడు, ఆ నింద మిషన్ మీదికి తోసేయాలని పెద్దాయన తాపత్రయం అనుకున్నాడు. జాలేసింది.

చిలుం గీకి, కొత్త సెల్లు అతికించి, మీట జరిపాడు. ఎర్రటి సున్నా వెలిగింది.

ఓబుళేశుకు అంకెలన్నీ నోటికే ఉన్నాయి. దూరం కొట్టాడు, కోణం కొట్టాడు. ట్యాన్ దగ్గర వేలు ఆగిపోయింది. ఆ ముఖంలో అంత ఆశ చూసి ఫారూఖ్ కూడా ముందుకు వంగాడు. చివరికి నొక్కాడు.

వచ్చిన అంకెను చాలాసేపు చూశాడు.

“అదే,” అన్నాడు. “అప్పుడెంతో ఇప్పుడూ అంతే.”

“అంటే మీ లెక్క కరెక్టే! ఇంక మిమ్మల్ని ఎవరేమంటారు సార్?”

ఓబుళేశు కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

“ఎవరూ ఏమనలేదప్పా. మెచ్చుకున్నారు గూడా.”

“మరి తప్పు రావాలని ఎందుకు సార్ అంత ఆశ?”

“మా ఊరు డ్యాం నీళ్ళలో మునుగుతాదని తేల్చిన లెక్కప్పా అది.”