పన్నీరు బుడ్డి

"ఆ అట్ట మీద ఆమని పేరు కొట్టేసి మా అబ్బాయి అవినాష్ పేరు రాయండి ప్రసూనాంబ గారూ. జడ్జి గారు వచ్చేస్తున్నారు."

ఫ్యాను వెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు కరస్పాండెంట్ శ్రీమన్నారాయణ. జగ్గయ్యపేటలో మిర్చి కొట్టూ ఆయనదే, స్కూలూ ఆయనదే. రెండు చోట్లా గొంతు ఒకటే.

నందిగామ కల్యాణమండపంలో సైన్స్ ఫెయిర్. వాళ్ల స్కూలు బల్ల మీద చిన్న చెక్కడబ్బా. అందులో మిరపకాయ పెడితే, ఎండిందైతే పచ్చలైటు వెలుగుద్ది, తడిదైతే ఎర్రలైటు. నెత్తిన బారెడు ఫ్లెక్సీ: 'ఆడపిల్లల్ని ఇంజనీర్లని చేద్దాం!' దాని కిందే నిలబడి ఈ పెద్దమనిషి ఆడపిల్ల పేరు కొట్టెయ్యమంటున్నాడు.

సైన్స్ టీచరు ప్రసూనాంబకి ఒళ్లు మండిపోయింది. "అదేంటి సార్? చేసింది ఆమని కదా!"

"చేస్తే? గెలిచినోళ్లకి వేసవిలో నెల్రోజులు వైజాగులో ఇంజనీర్ల దగ్గర ట్రైనింగంట. ఆడపిల్లని అంత దూరం ఎవరు పంపుతారండీ? మా చందనని చూడండి. స్క్రూడ్రైవరు ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తానని చెప్పా. ఎంత బుద్ధిగా ఉందో! దోసెలు పోస్తా వేళ్లు కూడా కాల్చుకుంది, పాపం."

పదో తరగతి చందన పట్టు లంగా ఓణీ కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వచ్చే పెద్దమనుషుల మీద పన్నీరు చిలకరించడం దాని డ్యూటీ. నాన్న మాట వినపడగానే పన్నీరు బుడ్డి మీదున్న కాలిన వేళ్లని కొంగు చాటుకి లాక్కుంది.

ప్రసూనాంబ బల్ల పక్కన నిలబడ్డ ఆమని వైపు తిరిగింది. "మాట్లాడవేంటే? నీ కష్టం కాదూ?"

"నాది కాదులెండి టీచర్," అంది ఆమని. చూపు మాత్రం గుమ్మం వైపే ఉంది.

పిల్ల భయపడిపోయిందనుకుంది ప్రసూనాంబ. ఉద్యోగం గుర్తొచ్చి పెన్ను తీసింది. పేరు మార్చాక తన చెయ్యి చూసుకుంటే తనకే రోత పుట్టింది.

జడ్జి రాగసుధ ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. డబ్బా ముందు చాలాసేపు ఆగింది.

"తడి ఎలా కనిపెడుతుంది బాబూ?"

"లైటు వెలుగుద్ది మేడం," అన్నాడు అవినాష్.

"అదే, ఎందుకు వెలుగుతుంది?"

"కరెంటు ఉంటది కదండీ."

ఏదో చూపిద్దామని డబ్బా ఎత్తి కుదిపాడు. ఉన్న లైటు కాస్తా ఆరిపోయింది.

రాగసుధ నవ్వలేదు. "ఆలోచన మాత్రం అద్భుతం. ఫస్ట్ ప్రైజు దీనికే ఇద్దామనుకున్నా. కానీ ఈ ఏడు ప్రైజు ఆడపిల్లలకే కదండీ. సర్క్యులర్ చూడలేదా?"

శ్రీమన్నారాయణ ఫీజుల సర్క్యులర్లు తప్ప ఏవీ చూడడు. అయినా ఆయనకి తడబాటెక్కడిది? మాట మార్చడానికి గుక్క కూడా తిప్పుకోలేదు.

"అయ్యో మేడం, చేసింది మా అమ్మాయండీ! చందనా, ఇట్రా అమ్మా. తమ్ముడు ఊరికే పక్కన నిలబడ్డాడంతే. మా ఇంట్లో ఆడా మగా తేడా లేదండి. చిన్నప్పట్నుంచీ నేనే ఎంకరేజ్ చేశా."

ప్రసూనాంబ చేతిలో పెన్ను బల్ల మీద పడేసింది. ఛీ! నోరా అది, మురిక్కాలవా? కొడుక్కి పనికిరాకపోతే కూతురికంట, ఎంగిలి విస్తరి జరిపినట్టు! ఇంక ఊరుకుంటే తను టీచరే కాదనుకుంది.

"మేడం, ఈయన చెప్పేది పచ్చి అబద్ధం. ఆమనీ, నువ్వు చెప్పవే!"

శ్రీమన్నారాయణ పళ్లు నూరాడు. "రేపట్నుంచి స్కూలుకి రానక్కర్లేదు మీరు."

"రాను. పో!" అంది ప్రసూనాంబ. జనం గుమిగూడారు.

ఆమని ముందుకొచ్చింది. "సార్ చెప్పింది నిజమే మేడం. అది చందనదే."

ప్రసూనాంబ కొయ్యబారిపోయింది. దీని కోసమా ఉద్యోగం వదులుకుంది? "నీకు సిగ్గుగా లేదుటే?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

శ్రీమన్నారాయణ మీసం దువ్వుకుని కూతురి చెవిలో గొణిగాడు. "ఊఁ అను చాలు. షీల్డు మన స్కూలుకి రానీ. వైజాగు సంగతి తర్వాత నేను చూసుకుంటా."

చందన ఊఁ అనలేదు. జడలోంచి పిన్ను లాగింది. డబ్బా మూత తీసి, ఊడిన వైరు వెతికి పట్టుకుని, పిన్నుతో బిగించింది. లోపలి రెండు మేకులకీ మధ్య ఎండు మిరపకాయ గుచ్చింది. పచ్చలైటు వెలిగింది.

"తడి లేకపోతే దీంట్లోంచి కరెంటు పోదు మేడం. ఇప్పుడు చూడండి." పన్నీరు బుడ్డి ఎత్తి మిరపకాయ మీద చిలకరించింది. కాస్త ఆగి ఎర్రలైటు వెలిగింది.

శ్రీమన్నారాయణ మీసం మీది చెయ్యి కిందికి దించాడు.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా? నాన్నగారా?" అడిగింది రాగసుధ.

చందన పన్నీరు బుడ్డి తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టింది. కాలిన వేళ్లు అందరికీ కనపడేలా రాగసుధ చేతిలోని మైకు అందుకుంది.

"ఇవి దోసెలకి కాలలేదు మేడం. ఆమని వాళ్లింట్లో దాక్కుని, సీసం కరిగించి వైర్లు అతుకుతుంటే కాలాయి. ఇంట్లో తెలిస్తే చెయ్యి విరిచేస్తారని దాని పేరు పెట్టా. పాపం మా నాన్న, అబద్ధమనుకుని నిజం చెప్పేశారు."