వందడుగుల మోకు

“మోకు కట్టందే నేను ఎక్కను,” అన్నాడు ఇశ్రాయేలు, మోకాలి లోతు నీళ్లలో మొండిగా నిలబడి.

“నాన్నా, ఒంటికి లైఫ్ జాకెట్ ఉంది. కాలికి బోర్డు పట్టీ ఉంది. వెనకాల నేనుంటా. ఇంకా మోకెందుకు?” అంది కూతురు జాస్మిన్.

“అయ్యన్నీ నీకు తెలుసు. నాకు మోకే తెలుసు.”

రాత్రి ఎనిమిది దాటింది. సూర్యలంక బీచ్‌లో జనం పల్చబడ్డారు. వచ్చినవాళ్లకు ప్యాడిల్‌బోర్డు నేర్పడం అక్కడ జాస్మిన్ ఉద్యోగం. పొడుగాటి బోర్డు మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ సముద్రం మీద పోవడమే ఆ విద్య. పగలైతే నలుగురూ చూసి నవ్వుతారని ఇశ్రాయేలు రాత్రికి ఒప్పుకున్నాడు. పిడుగురాళ్ల నుంచి వచ్చే దారిలో, బస్సులో మూడుసార్లు ఆ మాట వెనక్కి తీసుకున్నాడనుకోండి.

పుట్టు పిరికివాడేం కాదు పాపం. ఇరవై రెండేళ్లు సున్నపురాయి క్వారీలో నడుముకు మోకు కట్టుకుని, నిట్టనిలువు రాతిగోడకు వేలాడుతూ పేలుడు మందుకు బెజ్జాలు కొట్టిన మనిషి. పైన గూటానికి ఒక చుట్టు తిప్పి మోకు పట్టేది భార్య మార్తమ్మ. ఒక్కసారి గుంజితే ‘బాగానే ఉన్నా’. రెండుసార్లు గుంజితే ‘పైకి లాగు’. విన్నానన్నట్టు పైనుంచి ఆమే అట్లాగే గుంజి బదులిచ్చేది. అన్నేళ్లలో ఆమె చెయ్యి ఒక్కనాడూ జారలేదు. కిందటేడు ఆమె జ్వరంతో పడుకున్న రోజున ఇంకెవరో పట్టుకున్నారు. ఆ రోజే జారింది.

విరిగిన కాలు మూడు నెలల్లో అతుక్కుంది. ధైర్యమే అతుక్కోలేదు. మేడ మెట్లెక్కాలన్నా గోడ పట్టుకునేవాడు. క్వారీ అంచుకు పోతే కాళ్లు వణికి కూలబడేవాడు. ఏడాదిగా మంచానికే అంటుకుపోయిన తండ్రి మళ్లీ తన కాళ్ల మీద తను నిలబడితే చాలని కూతురి ఆరాటం.

“కట్టమ్మా, కట్టు,” అంటూ మార్తమ్మ సంచిలోంచి పాత మోకు తీసింది. ఇంటి దగ్గర్నుంచే తెచ్చిందన్నమాట! మొగుడి సంగతి ఆమెకు తెలియనిదా?

“ఏమే, నువ్వే పట్టుకోవాల.”

“ఇంకెవరు పట్టుకుంటారయ్యా? ఒడ్డున నిలబడి పట్టుకుంటా. చచ్చినా ఆ సముద్రంలో మాత్రం కాలు పెట్టను. చూస్తేనే కళ్లు తిరుగుతున్నయ్ నాకు.”

“వందడుగులే మోకు. అయిపోతే గుంజు, ఆగిపోతా.”

“గుంజుతాలే, పో.”

ఆ పూట అలలు పెద్దగా లేవు. జాస్మిన్ తండ్రిని బోర్డు మీద కూర్చోబెట్టి నడుము లోతు దాకా తోసింది. “కదలకు నాన్నా, నా బోర్డు తెచ్చుకుంటా,” అని వెనక్కి పోయింది. ఒడ్డున తల్లీకూతుళ్లు ఏదో గుసగుసగా పోట్లాడుకోవడం వినిపించింది. ఈ ఆడవాళ్లకు వేళాపాళా లేదని ఇశ్రాయేలు విసుక్కున్నాడు.

“వచ్చా,” అంది జాస్మిన్, కాసేపటికి వెనకనుంచి. “ముందు మోకాళ్ల మీద లే. ఇప్పుడు ఒక్కో పాదం పెట్టు.”

“పడతానమ్మాయ్.”

“పడితే తడుస్తావ్, అంతే. కాళ్లు చూడకు. ఎదురుగా ఆ పడవ దీపం చూడు. వెనక్కి మాత్రం తిరగమాక, బోర్డు తిరగబడుద్ది.”

లేచాడు. కాళ్ల కింద బోర్డు మెల్లగా లేచి మెల్లగా దిగింది. చుట్టూ నల్లటి నీళ్లు, ఎంత లోతో ఏమో. క్వారీలో కనీసం అడుగున నేల కనపడేది. గబుక్కున మోకును ఒక్కసారి గుంజాడు.

వెంటనే అవతలినుంచీ ఒక్కసారి గుంజారు. ఏడాది దాటింది ఆ బదులు అందుకుని! వంగిన నడుము నిటారు చేశాడు.

తెడ్డు వేశాడు. మళ్లీ వేశాడు. తెడ్డు ముంచిన చోటల్లా నీళ్లు మిణుగురుల్లా మెరిశాయి.

“జాస్మిన్! నీళ్లలో ఈ మెరుపులేందమ్మా?”

“కంటికి కనపడని పురుగులు నాన్నా. కదిలిస్తే వెలుగుతయ్.”

“చానా బాగుందే!” అని ఇంకా జోరుగా వేశాడు. “ఏంది, నేర్పేదానివి నువ్వే ఎనకబడ్డావ్?”

“ఈ పూట నా బోర్డు బరువుగా ఉందిలే. నువ్వు ముందు చూడు,” అంది జాస్మిన్ ఆయాసపడుతూ.

గాలిలో “ప్రభువా, ప్రభువా” అని సన్నగా వినిపించింది. క్వారీలో మోకు పట్టుకున్నంతసేపూ మార్తమ్మ గొణిగే మాట అది. ఇన్నేళ్లు విని విని చెవుల్లో ఉండిపోయింది కాబోలు అనుకున్నాడు. అనుకుని నవ్వాడు. నవ్వు పెద్దదైంది. “ఓయ్!” అని సముద్రం దద్దరిల్లేలా అరిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదికి మళ్లీ మనిషినయ్యానురా అనిపించింది.

“చాలు నాన్నా. ఇక తిరుగు, ఇంటికి పోదాం.”

“తిరిగితే పడతానంటివిగా?”

“అప్పుడు పడేవాడివి. ఇప్పుడు పడవు.”

మోకు గుంజాడు. బదులొచ్చింది. ఊపిరి బిగబట్టి ఒక పాదం జరిపాడు, రెండోది జరిపాడు. బోర్డు ఊగింది. అతనూ ఊగాడు. పడలేదు! ఆ ఘనకార్యం మార్తమ్మ చూసిందో లేదో, చెయ్యి ఊపుదామని ఒడ్డు వైపు తలెత్తాడు.

ఒడ్డున దీపాలు ఎక్కడో ఆవగింజలంత ఉన్నాయి. వందడుగులేంది, ఫర్లాంగుకు పైమాటే. మరి మోకు ఎట్లా సరిపోయింది? ఇశ్రాయేలు నడుము దగ్గర్నుంచి మోకు వెంటే చూపు పోనిచ్చాడు.

మోకు చివర, జాస్మిన్ బోర్డు మీద, కళ్లు గట్టిగా మూసుకుని మార్తమ్మ కూర్చుని ఉంది.