మొదటి ఆట

"రేపు పొద్దున పదింటికి మా ఆఫీసుకి రండి మేడమ్. మీకు సినిమా చూపిస్తాను."

అంతే. ఇంకో మాట లేకుండా దర్శకుడు ఫోన్ పెట్టేశాడు. కత్తెరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

కత్తెరమ్మ అసలు పేరేం కాదు. ప్రతి ఆదివారం పత్రికలో 'చూసినవీ, చదివినవీ' అనే శీర్షిక కింద కొత్త సినిమాలనీ, కొత్త నవలలనీ ఏకిపారేస్తుంది కాబట్టి ఆఫీసులో వాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు. మొన్న ఆదివారం ఈ దర్శకుడి సినిమాని ఉతికి ఆరేసింది. 'తమ్ముడి చావు దగ్గర ఏడుపు రావాలి. నాకు ఆవలింత వచ్చింది' అని కూడా రాసింది.

"విన్నారా? నాకు సినిమా చూపిస్తాడట!" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. "ఆ గొంతు వింటే కాళ్ళూ చేతులూ ఆడటం లేదండీ. మనుషుల్ని పెట్టి కొట్టిస్తాడా ఏమిటి?"

గిన్నెలు కడుగుతున్న భర్త చేతిలోంచి గరిటె జారి సింకులో పడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"వెళ్ళకు. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"వెళ్ళకపోతే తిన్నగా ఎడిటర్ దగ్గరికి పోతాడు. అసలు సంగతి బయటపడితే నా గతేంకాను?"

అసలు సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. నవలలైతే పెన్సిల్ పుచ్చుకుని అక్షరం వదలకుండా తనే చదువుతుంది. సినిమాలు మాత్రం చూడదు. చూడలేదు. హాల్లో తలుపులు మూసి దీపాలు ఆర్పారంటే ఆమెకి ఊపిరాడదు. అందుకని శుక్రవారం మొదటి ఆటకి భర్త వెళ్తాడు, వచ్చి కథ చెప్తాడు, ఆమె కత్తెర పట్టుకుంటుంది. ఈ ముక్క ఎడిటర్ చెవిన పడిందా, శీర్షికా పోతుంది, ఉద్యోగమూ పోతుంది, పద్నాలుగేళ్ళుగా సంపాదించుకున్న పేరూ పోతుంది.

"మీరూ రండి. చూసింది మీరు కదా! ఆయనేదైనా అడిగితే పక్కనుంచి అందించండి."

"నేనెందుకే? రేపు నాకు బోలెడు పనుంది."

"పెళ్ళాన్ని చంపేస్తారని నేను ఏడుస్తుంటే, మీకు పనా?"

దాంతో నోరు మూసుకుని బయల్దేరాడు.

ఆఫీసు కింది అంతస్తులో ఇరవై కుర్చీల చిన్న హాలు. ఒక్క కిటికీ లేదు. దర్శకుడు ఎదురొచ్చి, నవ్వుతూ దణ్ణం పెట్టాడు. అతను తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో, ఆ నవ్వు చూసి ఆమెకి ఇంకా భయమేసింది. ముందు వరసలో కూర్చోబెట్టారు. దర్శకుడు వెనక వరసలో కూర్చున్నాడు. ఎవరో తలుపు గడియ పెట్టారు. దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో తడుముకుని భర్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. పిచ్చి మనిషి, నాకంటే ఈయనే హడలిపోతున్నాడు అని జాలిపడింది.

తెర మీద వెలుగు పడింది. పేర్లు వస్తున్నాయి. అమ్మయ్య! నిజంగానే సినిమా చూపిస్తున్నాడు!

ఆ సంబరం అరగంట కూడా నిలవలేదు. తెర మీద హీరో వాళ్ళ అమ్మ, "నువ్వు నాకు ఒక్కగానొక్క కొడుకువిరా" అంటోంది.

"తమ్ముడేడండీ?" అని గొణిగింది.

"వస్తాడు. రెండో సగంలో వస్తాడు."

రెండో సగం మొదలైంది. చెల్లెలొచ్చింది, మేనమామ వచ్చాడు, కుక్క కూడా వచ్చింది. తమ్ముడు రాలేదు. వెనక వరసలో దర్శకుడు దగ్గినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతోంది. చీకటి మీద పడి నొక్కేస్తున్నట్టుంటే భర్త చెయ్యి వదిలేసి, చెంగుతో మొహం కప్పుకుని కళ్ళు మూసుకుంది.

"ఇంకా రాడేమిటండీ?" అంది చెంగులోంచే. జవాబు లేదు.

దీపాలు వెలిగాయి. చెంగు తీసేసరికి దర్శకుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉంది మేడమ్?"

"బా... బాగుందండీ. చాలా బాగుంది."

"మరి తమ్ముడి చావు?"

చెంగు భుజం మీదికి సర్దుకుంది. పద్నాలుగేళ్ళ అనుభవం ఊరికే పోతుందా!

"అది... ఆ వారం రెండు సినిమాలు చూశానండీ. ఆ కథా ఈ కథా కలిసిపోయాయి. పొరపాటే. వచ్చే ఆదివారం సవరణ వేయిస్తాను."

"పోనీలెండి. మనిషన్నాక పొరపాట్లు మామూలే."

ఆమెకి ఊపిరి అందింది. బతికిపోయాను అనుకుంది.

"కానీ మేడమ్, నాదో చిన్న అనుమానం" అన్నాడు దర్శకుడు మెల్లిగా. "పోస్టర్ల మీద శుక్రవారం విడుదలని వేశాం, నిజమే. గురువారం సాయంత్రం, పత్రికలకి కూడా చెప్పకుండా ఆపేశాం. ఊళ్ళో ఒక్క హాల్లో కూడా ఆట పడలేదు. బయటివాళ్ళకి ఈ సినిమా చూపించడం ఇవాళే మొదలు. మరి శుక్రవారం మీరు ఏ హాలుకి వెళ్ళారు?"

ఆ క్షణాన కత్తెరమ్మకి ఎడిటర్ గుర్తురాలేదు, ఉద్యోగం గుర్తురాలేదు. శుక్రవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చిన మనిషి గుర్తొచ్చాడు.

గిరుక్కున పక్కకి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది.